ముందు రోడ్డు ఎవరిదో తేల్చండి

ముప్పై అడుగుల వీధి, వంద మీటర్ల పొడవు. కాలువలకూ పైపులకూ రెండు పక్కలా జాగా వదిలి, మధ్యలో ఆరు మీటర్ల వెడల్పున సిమెంటు రోడ్డు వేయాలనుకోండి. మందం పదిహేను సెంటీమీటర్లు. గుణిస్తే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు. రెడీమిక్స్ లారీ ఒక్కోటి ఆరు ఘనపు మీటర్లు తెస్తే పదిహేను లారీలు. ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల లెక్కన 720 బస్తాల సిమెంటు. దాని కింద మట్టి తవ్వి, గ్రావెల్ పోసి, రోలర్ తొక్కించాలి. అన్నీ కలిపాక 18 శాతం జీఎస్టీ, ఒక శాతం లేబర్ సెస్. ఇంతవరకూ ఇంటర్ చదివిన పిల్లాడు కూడా వేయగల లెక్క. ఈ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గరే వీధికో మాట వినిపిస్తుంది.

నా ఉద్యోగమంతా మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో గడిచింది. ఎస్టిమేట్లు వేశాను, పని కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లు రాశాను, కౌన్సిలర్లతో మాటలు పడ్డాను. రిటైరయ్యాక హైదరాబాద్ శివారులో ఉంటున్నాను. వాన పడితే చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్లలో ఇప్పుడు నేనూ ఒకణ్ని. అందుకని కాలనీ సంఘం మీటింగు పెట్టినప్పుడల్లా నన్ను ముందు కుర్చీలో కూర్చోబెడతారు.

మొన్నటి మీటింగులో విన్న మాటలివి. “ఏటా ఇంటిపన్ను కడుతున్నాం కదండీ, మళ్లీ చందా ఎందుకు?” అంది బ్యాంకులో పనిచేసే ఒకావిడ. “నాది కార్నర్ ప్లాటు. రెండు దిక్కుల రోడ్డుంది. అట్లని రెండు వాటాలు అడుగుతరా?” అన్నాడు కిరాణా దుకాణం ఆయన. “మేం కిరాయికి ఉండెటోళ్లం సార్. ఓనర్‌ని అడుగుండ్రి” అన్నాడొక కుర్రాడు. ఖాళీ ప్లాట్ల సంగతి వచ్చేసరికి అందరూ ఒక్కటయ్యారు. వాటి యజమానుల్లో కొందరు అమెరికాలో ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షలకు జవాబిస్తారు కానీ రోడ్డు మాటెత్తితే పలకరు. మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఉద్యోగి చివరికి చెప్పిందొక్కటే. “నిధులు లేవండీ. సగం మీరు పెట్టుకుంటే మిగతా సగానికి ఫైలు కదుపుతాం.”

నేను అడిగిన మొదటి ప్రశ్న వేరు. ఈ రోడ్డు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?

చాలామందికి ఇది వింతగా తోస్తుంది. జనం నడిచే వీధి సర్కారుది కాక ఎవరిదవుతుంది అనుకుంటారు. అనుమతి తీసుకుని వేసిన లేఅవుట్ అయితే పద్ధతి స్పష్టంగా ఉంటుంది. వెంచర్ వేసినవాడే రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు సొంత ఖర్చుతో పూర్తి చేయాలి. పూర్తి చేస్తాడన్న హామీగా ప్లాట్ల స్థలంలో 15 శాతం తనఖా పెట్టాలి. పనులు ముగిశాక తనఖా విడిపిస్తారు. రోడ్లనూ, పార్కు స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పజెప్పాలి. ఆ రోజు నుంచి వాటి బాగోగులు మున్సిపాలిటీవే.

మా కాలనీ అలాంటిది కాదు. ఊరు గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు పొలాన్ని గళ్లుగళ్లుగా కోసి, సున్నం గీతలు గీసి, హద్దురాళ్లు పాతి అమ్మేసిన వెంచర్. తారు లేదు, తనఖా లేదు, గిఫ్ట్ డీడ్ అసలే లేదు. ప్లాన్ కాగితంలో ముప్పై అడుగుల రోడ్డని గీత ఉంది. రెవెన్యూ రికార్డు చూస్తే ఆ గీత కింద నేల ఇంకా పాత పట్టాదారు పేరునే ఉండొచ్చు. అలాంటి జాగాలో ప్రజల సొమ్ముతో రోడ్డేస్తే ఆడిట్‌లో ఎక్కడ అభ్యంతరం వస్తుందోనని ఇంజనీరు వెనకాడతాడు. జనానికి మాత్రం “నిధుల్లేవు” అనే చెబుతాడు. ఈ సగం నిజాన్ని నేనూ కౌంటరు అవతలివైపు నుంచి ఎన్నోసార్లు చెప్పాను.

ఆ వెంచర్‌లో రోడ్డు ఖర్చు మిగుల్చుకున్నదెవరు? మొదటివాడు అమ్మిన ఆసామి. వాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. రెండోవాళ్లం మనమే. అనుమతి ఉన్న లేఅవుట్‌లో గజం ధర ఎక్కువని ఇక్కడికొచ్చి కొనుక్కున్నాం. ఆ తేడాలో రోడ్డు ఖర్చూ కొంత దాగుంది. ఈ మాట మీటింగులో అంటే ముఖాలు ముడుచుకుంటాయి కానీ దాచి లాభం లేదు. అప్పట్లో పర్మిషన్ ఇవ్వడానికి అధికారముందో లేదో చూసుకోకుండా పంచాయతీలో ముద్ర కొట్టినవాళ్లు, కళ్లెదుటే వెంచర్లు లేస్తుంటే ఊరుకున్న శాఖలు మూడోవాళ్లు. ఖర్చు ముగ్గురిదీ. దొరికేది ఇద్దరే.

ఈ చిక్కు కోసమే ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చివర్లో, తెలంగాణలో 2015లో, మళ్లీ 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. 2020 పథకానికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే సున్నం గీతల కాలనీలు ఎన్నున్నాయో ఊహించుకోండి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా వసూలు చేసే నిబంధన కూడా అందులో ఉంది. ఇలా వసూలైన సొమ్మును విడిగా ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతంలో సౌకర్యాలకే వాడాలన్నది ఈ నిబంధనల్లో కనిపించే మాట. కాబట్టి ఎల్‌ఆర్‌ఎస్ రసీదు ఉన్న మనిషి “నేను రోడ్డుకి ఇప్పటికే కట్టాను” అంటే అది బుకాయింపు కాదు. ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంది, మన కాలనీకి ఎంత ఖర్చయింది అని అడగడం అతని హక్కు.

ఇంటిపన్ను వాదన సంగతికొస్తే, అది సగమే నిలబడుతుంది. రోడ్లు, వంతెనలు మున్సిపాలిటీల పనుల్లో ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో రాసి ఉంది. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు ఆ జాబితాలో 18 పనులు పెట్టారు. జాబితాతో పాటు డబ్బు రాలేదు. ఇంటిపన్నులో పెద్ద భాగం జీతాలకు, చెత్తబండ్లకు, వీధిదీపాలకు, నీళ్ల మోటార్ల కరెంటు బిల్లుకు పోతుంది. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులొస్తాయి. 15వ ఆర్థిక సంఘం వాటిలో ఎక్కువ భాగాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి పనులకు ముడిపెట్టింది. ఎంపీకి ఏటా 5 కోట్లుంటాయి, నియోజకవర్గమంతా దాని మీదే కన్నేసి ఉంటుంది. పల్లెలకు మరో దారి దొరికింది. ఉపాధి హామీ పథకంలో సామగ్రి వాటా 40 శాతం వరకు ఉండటంతో ఆ డబ్బుతో ఊళ్లలో సిమెంటు రోడ్లు వేసుకున్నారు. పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారిన ఊరికి ఆ దారి మూసుకుపోయింది, పన్ను మాత్రం పెరిగింది.

చందాతో రోడ్డేయడం మనకు కొత్తేమీ కాదు. 1997 జనవరిలో జన్మభూమి కార్యక్రమం మొదలైనప్పుడు జనం డబ్బుగానో, సామగ్రిగానో, ఒంటి కష్టంగానో తమ వాటా ఇస్తే ప్రభుత్వం మిగతాది కలిపేది. నేను అలాంటి పనులు చేయించాను. ఒక మంచి చూశాను. తమ డబ్బు పెట్టిన వీధివాళ్లు కాంట్రాక్టర్ని వదలరు. కాంక్రీటు మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపాడా లేదా అని పొద్దున్నే వచ్చి చూస్తారు. ఒక చెడూ చూశాను. వాటా త్వరగా పోగుచేయగలిగింది ఉద్యోగుల కాలనీ. కూలీల బస్తీ పోగుచేయలేకపోయింది. ప్రభుత్వ సొమ్ము కూడా ముందు ఉద్యోగుల కాలనీకే చేరింది. అందుకే “సగం మీరు పెట్టండి” అన్న షరతు పైకి న్యాయంగా కనిపించినా అన్ని వీధులకూ ఒకే కొలత కాకూడదు.

ఇక పంపకం. ఇంటికింత అని వేస్తే వంద గజాలవాడూ నాలుగొందల గజాలవాడూ ఒకటే ఇస్తారు. రోడ్డువైపు ఎన్ని అడుగులుంటే అంత అని వేస్తే కార్నర్ ప్లాటువాడు నలిగిపోతాడు. నా ఓటు గజాల లెక్కకే. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న విస్తీర్ణమే కొలమానం కనుక వాదనకు తావు తక్కువ, ఖాళీ ప్లాటు తప్పించుకోలేదు. రోడ్డు పడగానే ధర పెరిగేది ముందుగా ఆ ఖాళీ ప్లాటుకే. కిరాయిదారుని మాత్రం అడగకూడదు. రోడ్డు పడ్డాక అతనికి పెరిగేది అద్దె.

డబ్బు ఎవరిదైనా పని వరస మాత్రం మారకూడదు. మొదట మురుగు పైపు, తర్వాత మంచినీళ్ల పైపు, ఆ పైన రోడ్డు. ఈ వరస తప్పితే కొత్త రోడ్డును నెల తిరక్కుండా కోస్తారు. పాతదాన్ని తవ్వకుండా దానిమీదే కాంక్రీటు పోస్తే వీధి ఎత్తవుతుంది, వాననీళ్లు వాకిట్లోకొస్తాయి. చందా డబ్బు కాంట్రాక్టర్ చేతికి ఇవ్వకండి. మున్సిపాలిటీ ఖాతాకి కట్టి రసీదు తీసుకుంటేనే టెండరు, ఎం-బుక్, లోపాలు బయటపడితే కాంట్రాక్టరే బాగుచేసే గడువు అన్నీ వర్తిస్తాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద రికార్డులే కాదు, పనిని స్వయంగా పరిశీలించవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

మా సంఘం ముందు నేను రెండు కాగితాలు పెట్టాను. ఒకటి, వీధుల స్థలాన్ని మున్సిపాలిటీకి అప్పజెప్పడానికి పట్టాదారు వారసులతో మాట్లాడే తీర్మానం. దానిమీద అందరూ సంతకం పెట్టారు. రెండోది, కాలనీ నుంచి వసూలైన ఎల్‌ఆర్‌ఎస్ సొమ్ము ఎంత, మిగిలిందెంత అని అడిగే సమాచార హక్కు దరఖాస్తు. అది పంపించాం, జవాబు రావాల్సి ఉంది. కార్యదర్శి అప్పుడే చందా రసీదు పుస్తకాలు అచ్చు వేయిస్తానన్నాడు. ఆ జవాబు చూశాక, మున్సిపాలిటీ వాటా ఇదీ అని రాతపూర్వకంగా వచ్చాక మిగతాది పంచుకుందాం, అప్పటిదాకా ప్రెస్సుకి అడ్వాన్సు ఇవ్వొద్దు అన్నాను.