ఫోను పెడితే మాటలొస్తాయా?

2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా జగ్గయ్యపేట, నందిగామ పల్లెలు పాత కృష్ణా జిల్లా మెట్ట ఊళ్ళే. మిరప కోతలు మొదలయ్యాక కల్లాల దగ్గర తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. పక్కన చెట్టు నీడన రెండేళ్ళ పిల్ల, చేతిలో ఫోను. ఆ తల్లిని తప్పుపట్టడం తేలిక. పిల్లని కనిపెట్టుకునే ఇంకో మనిషి ఆమెకి లేదు. నింద పక్కనపెట్టి, మన దగ్గర తరచూ వినపడే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఇంగ్లీషు రైమ్స్ పెడితే పసిపిల్లలకి ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించింది. తొమ్మిది నెలల పసివాళ్ళలో కొందరికి మాండరిన్ మాట్లాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని పుస్తకాలు చదివారు, బొమ్మలతో ఆడించారు. ఇంకొందరికి అదంతా టీవీలో చూపించారు. 12 విడతలయ్యాక పరీక్షిస్తే మనుషుల దగ్గర విన్నవాళ్ళు ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టేశారు. టీవీ చూసినవాళ్ళకి ఏమీ అంటలేదు. మనిషైతే బిడ్డ చూపు ఎటుంటే అటు చూస్తుంది, "ఊ" అంటే తిరిగి "ఊ" కొడుతుంది. యూట్యూబు ఎవరి కోసమూ ఆగదు.

"మా బుడ్డోడు కలర్లన్నీ చెప్పేస్తాడండీ" అని మురిసిపోయే ఇంట్లో ఓసారి గమనించండి. పాటలో 'ఎల్లో' అంటాడు. దాహమేస్తే మాత్రం బిందె వైపు వేలు చూపించి ఏడుస్తాడు. అప్పజెప్పడం వేరు, అడగడం వేరు. బడికెళ్ళే పిల్లలు కార్టూన్ల నుంచి నాలుగు హిందీ ముక్కలు పట్టుకోవడం నిజమే. కానీ అప్పటికే వాళ్ళకి తెలుగు బాగా వచ్చేసి ఉంటుంది.

అపోహ: టీవీ మోగుతుంటే ఏమైంది, పిల్లాడు చూడట్లేదుగా!

వాస్తవం: సీరియల్ నడుస్తున్న గదిలో పెద్దవాళ్ళు పిల్లలతో మాట్లాడేది తగ్గుతుంది. పిల్లల ఆట కూడా మాటిమాటికీ తెగిపోతుంది. చూసేవాళ్ళు లేనప్పుడు కట్టేయండి.

అపోహ: టీవీ, ఫోను పిల్లలకి విషమే.

వాస్తవం: ఇది నేను ఒప్పుకోను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీ కార్యక్రమాలు చేరాయి. వాటిలో తెలుగు ఊళ్ళూ ఉన్నాయి, పొద్దున పూట బడిపిల్లలకి ప్రత్యేక ప్రసారాలూ ఉన్నాయి. అమెరికాలో 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ చూసిన చిన్నపిల్లలు అక్షరాలు, అంకెలు బాగానే నేర్చుకున్నారు. తల్లి పక్కన కూర్చుని మాట్లాడుతూ చూసిన పిల్లలకి ఇంకా మేలు జరిగింది. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో ట్యాబులిచ్చారు. అక్కడైనా అంతే: పాఠం ఆపి "ఇప్పుడేం అర్థమైంది రా?" అని అడిగే మాస్టారు ఉంటేనే ట్యాబు పనికొస్తుంది.

వయసు లెక్క మాత్రం మరవకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ళలోపు అసలొద్దు, నాలుగేళ్ళ వరకు రోజుకి గంట దాటొద్దు. దూరాన ఉన్న నాన్నతో వీడియోకాల్ అయితే పర్లేదని మన పిల్లల డాక్టర్ల సంఘమే అంటోంది. అటు నుంచి జవాబు వస్తుంది కదా.

అపోహ: ఫోను వల్లే ఆటిజం వస్తుంది. ఫోను లాగేసుకుంటే పోతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదం ఈ మాటతోనే. ఆటిజం మెదడు ఎదుగుదలకి సంబంధించినది, జన్యువుల పాత్ర ఎక్కువ, పుట్టకముందే మొదలవుతుంది. ఫోను వల్ల వస్తుందంటూ చెప్పుకునే 'వర్చువల్ ఆటిజం' అనేది వైద్యులు రోగనిర్ధారణకి వాడే పేరు కాదు. ఫోను ఎక్కువైతే మాట ఆలస్యం కావచ్చు, తోటిపిల్లలతో కలవడం తగ్గవచ్చు, అది వేరే సంగతి. తల్లిని "నీ ఫోను వల్లే" అని ఆడిపోసుకోవడం, "వాళ్ళ నాన్నకీ లేటుగానే మాటలొచ్చాయి" అని ఊరుకోవడం, ఈ రెంటి మధ్య విలువైన ఏళ్ళు గడిచిపోతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్ళు నిండినా "అమ్మా, రా" లాంటి రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టరుకి చూపించాలి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చూసేవాటిలో ఎదుగుదల ఆలస్యం కూడా ఉంది. ఆ రోజు కూలి పోయినా సరే, పిల్లని తీసుకెళ్ళండి.