మోటారుసైకిలు పూచీ – రైతు త్రిప్పట

మృగశిర కార్తెలో పత్తి గింజలు పెట్టవలసిన దినములందు మోటారుసైకిలు పట్టణమున మరమ్మతునకై నిలిచిపోయినచో, కల్హేర్ ప్రాంతపు రైతునకు కలుగు నష్టము ఏ బిల్లులోను కనబడదు. విత్తనపు సంచి, మందుడబ్బా, పాలక్యాను, చేనికి బోవు కూలిమనిషి, బడికి బోవు పిల్ల, అన్నియు అందరును ఆ బండిమీదనే పోవలెను. బండి లేని దినమున నారాయణఖేడునకు బస్సుకై కాచుకొనవలెను, లేదా ఆటోకు కిరాయి యిచ్చుకొనవలెను. ఒకపూట పని పోవును. ఉచితముగా జరుగవలసిన మరమ్మతునకై నాలుగుమార్లు తిరిగినవాడు తన ఖర్చు లెక్కించి చూచుకొన్నచో, ఊరి మెకానికునకు డబ్బిచ్చి చేయించుకొనుటయే చౌక యని తోచును. అనేకులట్లే చేయుచున్నారు. కంపెనీవారు పూచీపడినదానికి రైతు తన చేతిడబ్బు పెట్టుకొనుచున్నాడన్నమాట.

మేము గ్రామములు తిరుగునప్పుడు, పైరుల మాట ముగిసిన పిమ్మట తరచుగా వినుచున్న మొర యిదియే. ఈ మధ్య నొక రైతు తన కాగితములన్నియు నొక ప్లాస్టికు సంచిలో పెట్టుకొని మాయొద్దకు వచ్చెను. అతడు బండి కొని యెనిమిది నెలలైనది. ఎండ యెక్కిన కొలదిని బండి దారిలో ఆగిపోవుచుండెను. అరగంట చల్లారిన పిదప మరల నడచుచుండెను. పట్టణమందలి డీలరు సర్వీసు కేంద్రమునకు మూడుమార్లు తీసికొనిపోగా, మూడుమార్లును నూనె మార్చి, గొలుసు బిగించి, నీళ్లతో కడిగి, తళతళలాడునట్లు తుడిచి యిచ్చిరి. నాలుగవమారు పోగా, "నీవు పోయించునది కల్తీ పెట్రోలు, దీనికి వారంటీ వర్తింపదు" అనిరి. ఆ మాట మొదటి దినముననే యెందుకు చెప్పలేదని యడుగగా జవాబు లేదు.

మేమా సంచిలోని జాబుకార్డులు తీసి చదివితిమి. మూడింటిలోను "జనరల్ సర్వీసు" అని మాత్రమే వ్రాసియున్నది. దారిలో ఆగిపోవుచున్నదని ఒక్క యక్షరమైనను లేదు. రైతు నోటితో చెప్పినది నోటితోనే పోయినది. కాగితముల ప్రకారము ఆ బండికి ఎన్నడును ఏ రోగమును రాలేదు!

మా యభిప్రాయమున రైతులు ఓడిపోవుచున్నది ఇచ్చటనే. పూచీ యనునది కంపెనీవారి దయ గాదు. బండివెలలో చేర్చి రైతువద్ద ముందుగానే వసూలుచేసికొన్న యొడంబడిక. కాని యొడంబడిక కాగితముమీద నున్నది గనుక, దానిని కోరువాడును కాగితముమీదనే కోరవలెను. బ్రతిమాలుట వలన గాని, కౌంటరువద్ద కేకలు వేయుట వలన గాని లాభము లేదు.

డీలరు ఇట్లేల చేయునో రైతు తెలిసికొనుట మంచిది. డీలరు వేరు, కంపెనీ వేరు. డబ్బు తీసికొని చేయు మరమ్మతులో కూలియు, సామానుమీద లాభమును డీలరునకు వెంటనే చేతికి వచ్చును. పూచీక్రింద చేయు మరమ్మతునకు డబ్బిచ్చువారు కంపెనీవారు. దానికై డీలరు అర్జీ పంపవలెను, తీసివేసిన పాతభాగమును కంపెనీవారి పరీక్షకై దాచియుంచవలెను, కంపెనీవారు నిర్ణయించిన కూలి మాత్రమే పుచ్చుకొనవలెను. వారు అర్జీని త్రోసిపుచ్చినచో ఆ నష్టము డీలరుదే. ఇట్టి స్థితిలో, వర్కుషాపునందు బండ్లు వరుసగా నిలిచియున్నప్పుడు, పూచీబండి వెనుకకు జరుగుట వింతగాదు. అది న్యాయమని మేము చెప్పుటలేదు. కాని అచ్చట నూనెచేతులతో పనిచేయు పిల్లవానిని తిట్టి ప్రయోజనము లేదు. ఏ బండి యెప్పుడు విప్పవలెనో నిర్ణయించువాడు అతడు కాడు.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేకుండెను. కార్బురేటరు బండి ఆగినచో ఊరి మెకానికు స్క్రూడ్రైవరుతో విప్పి, జెట్టు ఊది, గంటలో నడిపించి యిచ్చుచుండెను. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చిన పిమ్మట క్రొత్త మోటారుసైకిళ్లలో పెట్రోలును ఇంజక్టరు చిమ్ముచున్నది. ఎంత చిమ్మవలెనో చిన్న కంప్యూటరు పెట్టె, కొన్ని సెన్సారులు కలసి నిర్ణయించుచున్నవి. పొగ తగ్గినది, మంచిదే. కాని దోషము ఎచ్చటనున్నదో తెలిసికొనుటకు స్కానరు కావలెను. అది ఊరి మెకానికులలో అనేకులవద్ద లేదు. కనుక రైతు ఇష్టమున్నను లేకున్నను డీలరు వాకిటికే పోవలసివచ్చుచున్నది.

ఇక పూచీపుస్తకము. దానిని మనవారు చదువరు. అది తరచుగా ఇంగ్లీషులో నుండును, తెలుగు, కన్నడము, మరాఠీ కలిసి మాటలాడు ఈ సరిహద్దు గ్రామములలో ఇంగ్లీషు పుస్తకమును పెట్టెలో పెట్టి తాళము వేయుదురు. ఇంటిలో చదువుకొను పిల్లవానిచేత దానిని ఒకమారైనను చదివించుకొనవలెను. ఇన్ని యేండ్లు లేక ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైన నదియే గడువు అని అందులో నుండును. దినమునకు రెండుపూటలు పాలు మోయువానికి ఏండ్లకంటె కిలోమీటర్లే ముందుగా తీరిపోవును. ఉచిత సర్వీసులకును అట్లే దినములు, కిలోమీటర్లు రెండును గడువే. పంటపనిలో పడి ఆ గడువు దాటనిచ్చినచో, తరువాత పెద్దమరమ్మతు వచ్చినప్పుడు కంపెనీవారు దానినే సాకుగా చూపుదురు. బ్రేకుషూలు, క్లచ్చిప్లేట్లు, బల్బులు మొదలైన అరుగుదల సామాను సాధారణముగా పూచీలో చేరదు. బ్యాటరీకిని, టైర్లకును వానిని చేసిన కంపెనీల పూచీ వేరుగా నుండును. ఇంకొక మాట. దోషముగల భాగమును మార్చెదమని మాత్రమే పూచీషరతులో నున్నప్పుడు, బండి మొత్తమును మార్చియిమ్మని యాజ్ఞాపింపరాదని 2006లో ఒక కారు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. కావున "క్రొత్తబండి యిచ్చువరకు ఇది ముట్టను" అని బండిని డీలరు ఆవరణలో వదలి వచ్చువారు తొందరపడకుండుట మేలు.

బండిని అప్పగించునప్పుడు, జాబుకార్డుమీద మన ఫిర్యాదు మన మాటలలోనే వ్రాయించవలెను: "ఎండలో పది కిలోమీటర్లు పోగానే ఆగుచున్నది, ఇది రెండవమారు" అని. తేదీ, మీటరులోని అంకె, బండి తిరిగి యిచ్చెదమన్న దినము అందులో నుండవలెను. అది వ్రాయక ముందు తాళపుచెవి ఇవ్వరాదు, చేవ్రాలు చేయరాదు. నకలు తీసికొనవలెను, ఇయ్యమన్నచో సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనవలెను. బండి ఆగిపోయినప్పుడు దారిలోనే చిన్న వీడియో తీసి యుంచినచో, వర్కుషాపులో బండి చక్కగా నడచినను, మన మాట అబద్ధమని యెవ్వరు ననలేరు. కల్తీ పెట్రోలన్నచో, ఏ పరీక్షవలన తేలినదో వ్రాసి యిమ్మని యడుగవలెను. ఊరి కిరాణా దుకాణమున సీసాలలో అమ్ము పెట్రోలు మానుకొని, బంకులో పోయించి రసీదు ఉంచుకొనువాడు ఈ మాటకు వెరవనక్కరలేదు. పూచీ వర్తింపదన్నచో ఆ మాటయు వ్రాసి యిమ్మనవలెను. నోటితో సులభముగా అను మాటను కాగితముమీద పెట్టుటకు చాలామంది వెనుదీయుదురు. మేము చెప్పిన రైతులలో ఇద్దరికి ఈ యొక్క ప్రశ్నతోనే పని జరిగినది. అడుగనిది అమ్మయైనను పెట్టదు గదా.

అప్పటికిని కాకున్నచో కంపెనీవారికి ఉత్తరము వ్రాసి, స్పీడుపోస్టులో పంపి, రసీదు దాచవలెను. ఆపైన వినియోగదారుల కమిషను కలదు. 1986 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులో నున్నది. పాత చట్టము ప్రకారము ఎదుటిపక్షమువారున్న చోటనో, వ్యవహారము జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. ఇప్పుడు ఫిర్యాదుదారుడు నివసించు జిల్లాలోనే చేయవచ్చును. ఇది మనకు పెద్ద మేలు. బీదరులోనో, నిజామాబాదులోనో, హైదరాబాదులోనో బండి కొన్న కల్హేర్ రైతు సంగారెడ్డిలోని జిల్లా కమిషనునకే పోవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలవరకైనచో ఫీజు లేదు. వకీలు లేకుండ స్వయముగా వాదించుకొనవచ్చును. దావాకు కారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. అవసరమైనచో కమిషనువారు వస్తువును పరీక్షకు పంపుదురు. పరీక్ష లేనిచో మూడు నెలలలో, ఉన్నచో ఐదు నెలలలో తీర్చ యత్నింపవలెనని చట్టము. వాయిదాలు పడుట మాత్రము అందరు నెరిగినదే.

"నీవు పాలవ్యాపారమునకు బండి వాడుచున్నావు, వినియోగదారుడవు కావు" అని యెవరైన బెదరించినచో బెదరనక్కరలేదు. తన జీవనోపాధికై స్వయముగా వాడుకొనువానికి చట్టము రక్షణ యిచ్చియున్నది. 2012లో జాతీయ విత్తన సంస్థవారికిని ఆంధ్రప్రదేశ్ రైతులకును నడచిన వ్యాజ్యమున, విత్తనములు కొన్న రైతు వినియోగదారుడేయని సుప్రీంకోర్టు స్పష్టపరచినది. పరీక్షకై విత్తనములలో కొంత దాచియుంచలేదన్న వాదమును గూడ అంగీకరింపలేదు. తెచ్చిన విత్తనమంతయు రైతు చేనిలో చల్లునని న్యాయాధిపతులు గ్రహించిరి.

మరమ్మతు హక్కు అను మాటయు ఇప్పుడు దేశమున వినబడుచున్నది. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వము దీనిపై నొక కమిటీని వేసినది. వ్యవసాయ యంత్రములు, మోటారు వాహనములు రెండును దాని పరిశీలనలో చేరినవి. అంతకు ముందు 2014లో, విడిభాగములు బయటి మెకానికులకు దొరకకుండ చేయుచున్నారని పదునాలుగు కార్ల కంపెనీలమీద పోటీ కమిషను 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను; దానిపై కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. ఊరి మెకానికునకు స్కానరు, అసలు సామాను, నేర్పు మూడును అందిన దినమున డీలరు వాకిట ఇంత గుంపు ఉండదు.

ఒంటరిగా పోవు రైతుమాట డీలరు వినకపోవచ్చును. ఒకే రకము బండి, ఒకే దోషము గల సభ్యులు నలుగురైదుగురు కలిసి కమిషను అనుమతితో ఒకే ఫిర్యాదు చేయుటకు చట్టమున వీలున్నది. అట్టివారెవరో తెలియుటకు, సభ్యులు తమ జాబుకార్డుల నకళ్లను సంఘ కార్యాలయమున ఒక ఫైలులో నుంచుట మంచిది. అర్జీ వ్రాయలేనివారికి కార్యదర్శులు వ్రాసిపెట్టవలెనని మా కోరిక. ముందుగా 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును; అచ్చట తెలుగులో గూడ మాటలాడవచ్చును. ఫోనుచేసినప్పుడు వారు చెప్పు ఫిర్యాదు సంఖ్యను జాబుకార్డు వెనుకనే వ్రాసికొనవలెను.