‘భ్రమరవాసిని’: రాణిగా వచ్చిన దేవత, 300 ఏళ్ళ రాజ్యం

ఉపోద్ఘాతం

కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) చారిత్రక నవలలను మూడు మాలికలుగా కూడా రచించారు. పురాణవైర గ్రంథమాలలో 12, నేపాళ రాజవంశ శ్రేణిలో 6, కాశ్మీర రాజవంశ శ్రేణిలో 6 నవలలు ఉన్నాయి. కాశ్మీర శ్రేణిలో కవలలు, యశోవతి, పాతిపెట్టిన నాణెములు, సంజీవకరణి, మిహిరకులుడు అనే అయిదింటి తరువాత చివరిది ‘భ్రమరవాసిని’. రాజవంశాల చరిత్రను చెప్పదలచిన శ్రేణి ఒక దేవత పేరుతో ముగియడం గమనించదగినది. దీని మూలం కల్హణుని రాజతరంగిణిలో ఉంది. ఆ మూలగాథను, దానితో ముడిపడిన కాలనిర్ణయ వివాదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలగాథ

కల్హణుడు క్రీ.శ. 1148–49 ప్రాంతంలో 8 తరంగాలుగా రాజతరంగిణిని రచించాడు. మూడవ తరంగంలో రణాదిత్యుని వృత్తాంతం ఉంది. పూర్వజన్మలో అతడు సర్వం పోగొట్టుకున్న జూదరి. ప్రాణం మీద ఆశ వదులుకొని, వింధ్యలోని భ్రమరవాసినీదేవిని దర్శించి వరం పొందాలని బయలుదేరాడు. దారి నిండా వజ్రాల వంటి కొండెలు గల తుమ్మెదలు. ఇనుప కవచం తొడిగి, దానిపై దున్నపోతు తోలు, ఆపై పేడ కలిపిన మట్టి పూతలు వేసుకున్నాడు. అవన్నీ ఛిద్రమై, ఎముకలు బయటపడిన దేహంతో గమ్యం చేరాడు. దేవి స్పర్శతో అతనికి దివ్యమైన రూపం వచ్చింది. అయితే అతడు కోరినది ఆ దేవి పొందునే. ఆమె వారించినా వినలేదు. మరుజన్మలో ఆ కోరిక తీరుతుందని దేవి మాట ఇచ్చింది.

అతడు కాశ్మీర రాజు రణాదిత్యుడుగా పుట్టాడు. దేవి చోళరాజు రతిసేనునికి సముద్రతరంగాలలో లభించి, రణారంభ అనే పేరుతో పెరిగి, రణాదిత్యునికి రాణి అయింది. కాని రాత్రివేళ తనను పోలిన మాయారూపాన్ని శయ్యపై ఉంచి, తాను తుమ్మెదగా మారి వెలుపలికి వెళ్ళిపోయేది. వరం మాట నిలిచింది. దేవత మాత్రం మానవునికి చిక్కలేదు. చివరకు ఆమె ఉపదేశించిన హాటకేశ్వర మంత్రంతోనే రాజుకు పాతాళసిద్ధి కలిగింది. కల్హణుడు ఈ రాజుకు చెప్పిన పాలనాకాలం 300 సంవత్సరాలు.

కాలనిర్ణయ వివాదం

వివాదమంతా ఈ సంఖ్య చుట్టూ ఉంది. 1900లో రాజతరంగిణి ఆంగ్లానువాదాన్ని ప్రకటించిన ఆరెల్ స్టైన్ మొదలుకొని ఆధునిక చరిత్రకారులు దీనిని చారిత్రక సత్యంగా అంగీకరించలేదు. ముందరి నవలకు పేరైన మిహిరకులుని విషయంలోనూ ఇదే చిక్కు. శాసనాలను బట్టి హూణరాజు మిహిరకులుడు క్రీ.శ. 6వ శతాబ్దం వాడు. కల్హణుని లెక్కలో మిహిరకులుడు క్రీస్తుకు శతాబ్దాల పూర్వుడు. కోట వెంకటాచలం దీనికి భిన్నంగా, భారతయుద్ధం క్రీ.పూ. 3138లో జరిగిందనే నిర్ణయాన్ని ఆధారం చేసుకొని, పురాణాల లెక్కలే ప్రమాణమని వాదించారు. విశ్వనాథ ఆయన పరిశోధనలను అనుసరించి ఈ మాలికలను రచించడం సాహిత్యలోకానికి తెలిసినదే. కాబట్టి ఈ నవలలు కల్పనలే అయినా, వాటి వెనుక ఒక చారిత్రక వాదం ఉంది.

రాజ్యం – స్త్రీ శక్తి

రాజతరంగిణి ఆరంభంలోనే మరొక స్త్రీ ఉంది. దామోదరుడు మరణించినప్పుడు, గర్భవతి అయిన అతని భార్య యశోవతిని శ్రీకృష్ణుడు సింహాసనంపై నిలిపాడు. కాశ్మీరభూమి పార్వతి అనీ, దాని రాజు శివాంశ అనీ కృష్ణుడు చెప్పి, స్త్రీ పాలనను ఆక్షేపించినవారిని సమాధానపరిచాడు. యశోవతి వృత్తాంతంలో సిద్ధాంతంగా ఉన్న ఆ భావన రణారంభ కథలో రూపం ధరించింది. ఇక్కడ దేవియే రాణి. రాజుకు సిద్ధి ఆమె నుండే లభిస్తుంది. ఆమె మాత్రం రాజుకు స్వాధీన కాదు. ఈ ఇద్దరి పేర్లూ శ్రేణిలో నవలల శీర్షికలు కావడం ఈ అన్వయానికి దారి చూపుతుంది.

తెలుగు పాఠకునికి తుమ్మెద రూపంలోని దేవి కొత్త కాదు. శ్రీశైలంలో మల్లికార్జునుని సరసన వెలసినది భ్రమరాంబ. అరుణాసురుని సంహరించడానికి భ్రమరరూపం ధరిస్తానని దేవి పలికినట్లు దేవీమాహాత్మ్యం చెబుతుంది. పైగా రణారంభ పెరిగినది చోళదేశంలో. కాశ్మీర చరిత్రే తన రాణిని వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చింది.

ముగింపు

300 ఏళ్ళ పాలనను చరిత్రగా నిరూపించే బాధ్యతను ‘భ్రమరవాసిని’పై మోపితే, దేవత వాదానికి సాక్షిగా మాత్రమే మిగులుతుంది. లెక్క తప్పని నవలను తోసిపుచ్చితే, ఆ గాథలోని రాజ్యభావన చేజారిపోతుంది. కాలనిర్ణయాన్ని శాసనాలు, నాణేల ఆధారంగా చరిత్రకారులు తేల్చాలి. అధికారం ఎవరి అనుగ్రహం, దాని హద్దు ఎక్కడ అనే ప్రశ్నలతో సాహిత్య విమర్శ నవలను చదవాలి. ఈ రెండు ప్రమాణాలను వేరుగా ఉంచగలిగినప్పుడే విశ్వనాథ చారిత్రక నవలా మాలికలకు న్యాయమైన పఠనం సాధ్యమవుతుంది.