జీపు వెనుక ఎందుకు కుంగుతుంది?

మన జక్రాన్‌పల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని మీద వెనుక కుంగిన బండ్లు కనబడుతుంటాయి. జనం ఎక్కువైతే కుంగిందని అనుకుంటం. ఖాళీ బండి కూడా కుంగితే లోపం ఉన్నట్టే. మా బాపు గూడెం నుండి జీపులోనే వస్తడు. అందుకే నేను ఇది తెలుసుకున్న.

మామూలు జీపుకు ఇనుప కమాన్ పట్టీలుంటాయి. విరిగితే కంటికి కనబడుతుంది. 1992లో రేంజ్ రోవర్ బండికి ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు పెట్టారు. వాటి లోపం వెతకాలి.

1. చదునైన చోట ఆపి, వెనుక చక్రాల నడిమి నుండి మడ్‌గార్డు దాకా టేపుతో కొలవాలి. ఒక పక్కే తక్కువుంటే ఆ సంచిని, పైపును చూడాలి. రెండు పక్కలా తక్కువుంటే గాలి పంపే కంప్రెసరును, వాల్వును కూడా చూడాలి.

2. ఇంజను ఆపి, పొద్దున మళ్లీ కొలవాలి. ఎత్తు తగ్గితే గాలి పోతున్నట్టు.

3. సబ్బు నీళ్లు పూయాలి. సైకిల్ ట్యూబు లాగానే బుడగలొచ్చిన చోటే చిల్లి.

చిల్లి మూయకుండా కొత్త కంప్రెసరు వేస్తే అదీ ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

జాగ్రత్త! గాలి పోతే బండి ఒక్కసారే దిగుతుంది. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండు పెట్టాలి. దసరా సెలవులకు ఊరికి పోయేటప్పుడు చూసి ఎక్కండి. ఖాళీగా ఉండి ఒక పక్కకు ఒరిగిన బండి ఎక్కొద్దు.