కణములోని కాడి

రేగొండ పొలిమేరలో పశువులకు గడ్డి కోయునపుడు కొడవలి జారి వ్రేలు తెగుట అరుదైన సంగతి కాదు. కోయువాడు గుడ్డపీలిక చుట్టుకొని మరల కోతకు వంగును. కొన్ని దినములలో గాయము పూడి క్రొత్త చర్మము వచ్చును. తెగినచోటనున్న కణములకు 'విభజింపుడు' అను ఆజ్ఞ యెట్లు చేరినది? గాయము మానిన పిమ్మట 'ఇక చాలు' అని తెలుపువా రెవరు?

గాయమైనచోట వెలువడిన వృద్ధికారకములు కణపు పైపొరలోని గ్రాహకములను తాకును. అంతట గ్రాహకములు జంటలుగా కూడి, లోపలి తోకలపై ఒకదాని కొకటి ఫాస్ఫేటు ముద్రలు వేసికొనును. (భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి 1925లో ప్రకటించిన కొలత పద్ధతి ఈ ఫాస్ఫరసునకు సంబంధించినదే.)

ముద్ర పడినది సరే. దానిని చదువున దేది? గ్రబ్-2 అను చిన్న మాంసకృత్తు. 217 అమైనో ఆమ్లముల గొలుసు. దాని నడిమి భాగము ముద్రను పట్టుకొనును. రెండు కొసలును సాస్ అను వేరొక మాంసకృత్తును పట్టుకొనును. సాస్ కణద్రవములో తిరుగుచుండును. అది మేలుకొలుపవలసిన రాస్ మాత్రము పైపొరను అంటియుండును. గ్రబ్-2 సాస్‌ను పొర కడకు చేర్చినంతనే రాస్ మేల్కొని, ఆజ్ఞను కేంద్రకము వైపునకు సాగనంపును. ఈ వరుస 1993లో తేటపడినది.

గ్రబ్-2 స్వయముగా ఏ రసాయనచర్యను జరుపదు. కాడి మాత్రము బండిని లాగునా? అయినను కాడి లేనిచో ఎద్దులొకచోట, బండి యొకచోట. ఇతర మాంసకృత్తులు ఫాస్ఫేటు ముద్రలను తుడిచివేయగా ఈ కాడి విడిపోవును, ఆజ్ఞ ఆగును. ఇట్టివానిని సంధాన మాంసకృత్తులందురు. గ్రబ్-2 బొత్తిగా లేని చిట్టెలుకలు గర్భమునందే నశించునని 1998లో తేలినది.

కాడి విప్పినను బండి ఆగని సందర్భమొకటి కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది అమెరికా కేగిన ఇ. ప్రేమకుమార్ రెడ్డి, సహచరులతో కూడి 1982లో మూత్రాశయపు రాచపుండు కణములలోని రాస్ జన్యువును పరీక్షించెను. అందు ఒకే యొక్క అక్షరము మారియుండెను! దానివలన రాస్‌లోని 12వ స్థానమున గ్లైసీనుకు మారుగా వాలీను చేరినది. అట్టి రాస్ మేల్కొన్న పిదప నిద్రింపదు; కణము విభజించుచునే యుండును. అదే యేడు మరి రెండు బృందములును ఈ సంగతినే కనుగొన్నవి.

2002లో ఆయన బృందము జె.ఎల్.పి. అను వేరొక సంధాన మాంసకృత్తును వర్ణించినది. కణము ఒత్తిడికి లోనైనపుడు వార్తను మోయు పలు ఎంజైములను అది ఒక్కచోట చేర్చి పట్టుకొనును. గ్రబ్-2 కాడి వంటిదైనచో, ఇది వెనుకటి కళ్ళములలో నూర్పిడి పశువుల నన్నిటిని ఒకే వరుసగా కట్టిన దామెన వంటిది.