తీగలేని సంబంధము తెగినప్పుడు



అరచేతిలో నిముడు చిన్న కంప్యూటరు నొకదానిని గూర్చియు, అది గాలిలో వచ్చు సంకేతముల నందుకొనక మొరాయించినప్పుడు లోపమును వెదకవలసిన క్రమమును గూర్చియు నేడు ముచ్చటింప దలచితిని. దీని పేరు రాస్ప్‌బెరీ పై. పిల్లలు కొద్దిపాటి వెలతో కంప్యూటరు విద్య నేర్వవలెనను తలంపుతో ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమందు ఎబెన్ అప్టన్ మొదలగువారు దీనిని రూపొందించిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఇది మొదటిసారి విక్రయమునకు వచ్చెను. సుమారు 85 మిల్లీమీటర్ల పొడవును 56 మిల్లీమీటర్ల వెడల్పును గల యొక్క పలకమీదనే ముఖ్యాంగములన్నియు నమర్చబడి యుండును. తెరయు, అక్షరముల మీటలును మనమే తగిలించుకొనవలెను. మొదటి నమూనాలలో తీగలేని సంబంధము లేదు. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన వెలువడిన మూడవ నమూనాలో, మనము వైఫై యని పిలుచు రేడియో భాగమును ఆ పలకలోనే చేర్చిరి. నేను చెప్పబోవు చిక్కులు అప్పటినుండి మొదలైనవే.

ఈ యంత్రము పిల్లల చదువునకే గాక, పొలమున నేల తేమను, వర్షపాతమును గంట గంటకు వ్రాసిపెట్టుటకును, గ్రంథాలయమున పుస్తకముల పట్టిక చూపుటకును ఉపయోగపడుచున్నది. అట్టిచోట సంబంధము తెగినచో సాధారణముగ వినబడు మాట ఒక్కటే: “యంత్రము చెడినది, క్రొత్తది కొనవలెను.” నేను చూచినంతలో, ఇట్లు చెడినవని అటక యెక్కించిన వానిలో పెక్కింటికి ఏ రోగమును లేదు. డబ్బు నష్టమైన మఱల కూడబెట్టుకొనవచ్చును. కాని ఒక ఋతువున వ్రాయబడక పోయిన వానలెక్క మఱల రాదు. ఉత్సాహముతో కూర్చుండిన పిల్లవాడు “ఇది నావలన కాదు” అని లేచిపోయినచో వానిని మఱల కూర్చుండబెట్టుట అంతకంటె కష్టము.

మీటలు నొక్కుట పిల్లలకు సుళువు. ఏ ప్రశ్న ముందు, ఏ ప్రశ్న వెనుక అని నిదానించుటకు పెద్దల ఓర్పు కావలయును. చెఱువు నీరు చివరి మడికి రానప్పుడు మనము మడిలో నిలిచి విచారింపము. తూమునొద్ద మొదలిడి, కాలువగట్టు వెంబడి నడచి, ఎంతవరకు నీరున్నది, ఎక్కడనుండి లేదు అని చూతుము. ఆ రెంటి నడుమనే గండి యుండును. ఇచ్చటను అదియే పద్ధతి. విద్యుత్తు, అనుమతి, చూపు, ప్రవేశము, చిరునామా, దారి, పేరు అని ఏడు మెట్లు. ఒక మెట్టు సరియని తేలిన పిమ్మటనే రెండవదానికి పోవలెను.

మొదటిది విద్యుత్తు. ఈ యంత్రమునకు 5 వోల్టుల విద్యుత్తు వలయును. మూడవ నమూనాకు 2.5 ఆంపియర్లు, నాలుగవదానికి 3, ఐదవదానికి 5 ఆంపియర్ల వఱకు నీయగల ఛార్జరును తయారీదారులు సిఫారసు చేయుచున్నారు. మనవారు చేతికి దొరకిన ఫోను ఛార్జరును, సన్నని తీగను తగిలింతురు. దీపము వెలుగును, తెరమీద బొమ్మ వచ్చును. కావున విద్యుత్తు సరిగానే యున్నదని భ్రమింతురు. కాని యంత్రమునకు పని హెచ్చినప్పుడెల్ల విద్యుత్తు అధికముగ గావలసివచ్చి, సన్నని తీగలో వోల్టేజి పడిపోవును. అది సుమారు 4.63 వోల్టులకు దిగినచో తెరమూల మెఱుపు గుఱుతు కనబడును. ఆ మెఱుపును చూచియు చూడనట్లు ఊరకున్నచో తక్కిన విచారణ యంతయు వ్యర్థము. తెర లేనిచోట, వోల్టేజి ఎప్పుడైన తగ్గినదా యని యంత్రమునే అడుగుటకు ‘వీసీజెన్‌కమాండ్’ అను ఆజ్ఞ యొకటి కలదు. విద్యుత్తు తీసి మఱల పెట్టినది మొదలు జరిగినదానిని అది జ్ఞాపకముంచుకొని చెప్పును.

రెండవది అనుమతి. ఆకాశము అందఱిదైనను, రేడియో తరంగములను ఏ హద్దులలో వాడవలెనో ప్రతి దేశమును నిర్ణయించుకొనును. వైఫైకి ఉపయోగపడు 2.4 గిగాహెర్ట్‌జు పట్టీని, తక్కువ బలముతో వాడుకొనువారికి లైసెన్సు అక్కఱలేకుండ, మన ప్రభుత్వము 2005వ సంవత్సరమున సడలించెను. యంత్రము తానే దేశమున నున్నదో తనంతట తానెఱుగదు, మనము చెప్పవలెను. భారతదేశమునకు గుఱుతు ‘ఐఎన్’ అను రెండక్షరములు. దేశమును చెప్పువఱకు ఇటీవలి నమూనాలు రేడియోకు తాళము వేసియే యుంచును. ‘రాస్పి-కాన్‌ఫిగ్’ అను పట్టికలో దేశము నెన్నుకొనినంతనే ఆ తాళము తొలగును.

దేశము తప్పుగా చెప్పినచో కలుగు చిక్కు మఱింత వింతయైనది. నేనెఱిగిన యొక పల్లెటూరి పాఠశాలకు, ఆ యూరివాడే యొకడు అమెరికానుండి వచ్చుచు ఇట్టి యంత్రమును సిద్ధపఱచి తెచ్చియిచ్చెను. కొన్నిదినములు చక్కగ పనిచేయును. కొన్నిదినములు వైఫై పేరే కనబడదు. అందఱి ఫోనులకు మాత్రము కనబడుచునే యుండును. కరెంటు పోయి వచ్చిన పిమ్మటనే ఈ మార్పు కలుగుచున్నదని ఉపాధ్యాయు లొకరు కనిపెట్టి చెప్పిరి. అదియే ఆనవాలైనది. 2.4 గిగాహెర్ట్‌జు పట్టీలో ఛానెళ్లను వరుసలుందురు. మన దేశమున 1 మొదలు 13 వఱకు వాడుక యున్నది. అమెరికాలో సాధారణముగ 11తో సరి. యంత్రములో దేశము అమెరికా యని యుండెను. కరెంటు వచ్చినప్పుడెల్ల రౌటరు తనకు నచ్చిన ఛానెలును తానే యెన్నుకొనుచుండెను. అది 6వ ఛానెలైన దినమున యంత్రమునకు కనబడును. 13వ ఛానెలైన దినమున కనబడదు. దేశమును భారతదేశమని మార్చినంతనే చిక్కు తీరినది. ఒక్క పైసా ఖర్చు కాలేదు.

మూడవది చూపు. అనుమతి యున్నను, యంత్రమునకు రౌటరు కనబడవలెను గదా. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్‌జులని ముఖ్యముగ రెండు పట్టీలు కలవు. 2016 నాటి మూడవ నమూనాయు, 2017లో వచ్చిన జీరో డబ్ల్యూయు, 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూయు 2.4 పట్టీని మాత్రమే యెఱుగును. 2018లో వచ్చిన 3బీ ప్లస్‌కును, నాలుగవ ఐదవ నమూనాలకును రెండు పట్టీలును తెలియును. రౌటరు 5 పట్టీలో మాత్రమే పలుకుచున్నచో మొదట చెప్పిన మూడును దానిని ఎన్నటికిని చూడజాలవు. ఫోనునకు కనబడుచున్నది గదా యని వాదించి ప్రయోజనము లేదు.

ఇక దూరము, అడ్డములు. మీడియం వేవు ప్రసారముల తరంగము కొన్ని వందల మీటర్ల పొడవుండును. అది కొండలను కోనలను లెక్కచేయక సాగిపోవును. వైఫై తరంగము 2.4 పట్టీలో 12 సెంటీమీటర్లకు కొంచె మెక్కువ, 5 పట్టీలో 6 సెంటీమీటర్లు మాత్రమే. మందమైన మట్టిగోడయు, వానకు తడిసిన గోడయు, ఇనుప ఊచల కాంక్రీటును, నీటితొట్టియు దీనిని బలహీనపఱచును. రేకు దాదాపుగ పూర్తిగనే నిలుపును. యంత్రమును దొంగలు తీయకుండ ఇనుప పెట్టెలో పెట్టి, సంకేతము రాలేదని వగచువారిని చూచితిని. దీని ఏరియలు పైకి కనబడదు, పలకలోనే యుండును. కావున లోహపు పెట్టె దాని చెవులు మూసినట్లే. నాలుగవ నమూనానుండి యున్న నీలిరంగు యూఎస్‌బీ రంధ్రములకు తగిలించిన కొన్ని సాధనములును 2.4 పట్టీలో అల్లరి చేయును. వానిని తీసిచూచి, బాగుపడినచో పొడవైన తీగతో దూరముగ నుంచవలెను.

సంకేతపు బలమును యంత్రము ఋణసంఖ్యలలో చెప్పును. -50 అనిన మంచి బలము. -67 పనికి చాలును. -80 అనిన వినీ వినబడని గుసగుస. ఇందులో 10 అంకెలు దిగుట యనగా బలము పదవ వంతగుట. రౌటరును కిటికీకడకు జరిపి ఈ యంకెను మఱల చూచినచో, పనిచేసినదో లేదో ఊహింప నక్కఱలేదు.

నాలుగవది ప్రవేశము. పేరు కనబడును, లోనికి రానీయదు. ఇచ్చట మొదట పాస్‌వర్డును చూడవలెను. ఇంగ్లీషు పెద్దక్షరములు, చిన్నక్షరములు వేఱువేఱు. చివర పడిన ఖాళీ కూడ ఒక యక్షరమే. కంటికి కనబడు రీతిని మఱల వ్రాయించి, ఇంకొకరిచేత చదివింపవలెను. రౌటరు డబ్ల్యూపీఏ 3 అను క్రొత్త రక్షణ పద్ధతిని మాత్రమే యొప్పుకొనునట్లున్నచో పాత యంత్రములు చేరలేక పోవచ్చును. రెండవ పద్ధతియు కలిసియుండునట్లు మార్చి చూడవలెను.

మఱియొక మాట. పూర్వము మెమరీ కార్డులో ‘డబ్ల్యూపీఏ సప్లికెంట్’ అను పత్రమును వ్రాసిపెట్టినచో యంత్రము దానిని చదివి వైఫైలో చేరుచుండెను. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ అను వ్యవస్థతో ఈ పని నెట్‌వర్క్ మేనేజరు అను వేఱొకదానికి అప్పగింపబడినది. క్రొత్త వ్యవస్థ ఆ పాత పత్రమును లెక్కచేయదు. పాత పాఠములను నమ్మి పిల్లలు పూటలకు పూటలు దానినే దిద్దుచుందురు. అది పోయిన యేటి పంచాంగములో నేటి తిథి చూచుటవంటిది. కావున ఏ పాఠమునైనను అనుసరించుటకు ముందు, అది ఏ యేట వ్రాసినదో అడుగుడు.

ఐదవది చిరునామా. లోనికి వచ్చిన ప్రతి యంత్రమునకును రౌటరు ఇంటి నంబరువంటి యొక ఐపీ చిరునామా నిచ్చును. చేరినదనియు చెప్పి, చిరునామా లేదనియు చెప్పినచో లోపము ఇచ్చటనే యున్నది. రౌటరును ఆర్పి వెలిగించిన చాలసార్లు తీరును. ఎవరైన చేతితో స్థిరముగ వ్రాసిన చిరునామా మఱియొక యంత్రమునకును పడినచో, ఒక నంబరునకు రెండిండ్లు ఉన్నట్లయి ఉత్తరములు తారుమారగును.

ఆఱవది దారి, ఏడవది పేరు. ‘పింగ్’ అనునది “ఓహో” యని పిలిచి “ఓ” యను బదులుకై వేచియుండు ఆజ్ఞ. మొదట రౌటరును పిలువుడు. పలుకకున్నచో లోపము మన యింటిలోనిదే. అది పలికినచో 8.8.8.8 అను బయటి చిరునామాను పిలువుడు. అది పలుకకున్నచో లోపము సాధారణముగ రౌటరునకు అవతలనే యుండును. ఇంటర్నెట్టు ఇచ్చువారిని అడుగవలెను, యంత్రమును విప్పనక్కఱలేదు. ఆ యంకె పలికి, ఒక పేరు గల చోటు మాత్రము పలుకకున్నచో, పేరును అంకెగా మార్చు డీఎన్‌ఎస్ అను ఏర్పాటులో లోపమున్నది. అన్నియు పలికియు, భద్రత గల పుటలు మాత్రము తెఱచుకొనకున్నచో యంత్రములోని తేదీని చూడుడు. బ్యాటరీతో నడచు గడియారము దీనిలో సాధారణముగ నుండదు. నెట్టు అందక కాలము తప్పుగ నున్నచో, ఆ పుటల యోగ్యతాపత్రములు కాలము చెల్లినవిగానో, ఇంకను చెల్లుబాటు కానివిగానో తోచి, యంత్రము వానిని నిరాకరించును.

అప్పుడప్పుడు తెగుచు, తనంతట తానే కలియు సంబంధము అన్నిటికంటె చిక్కైనది. వైఫై భాగము విద్యుత్తు పొదుపునకై పని లేనప్పుడు కునుకు తీయును; కొన్ని రౌటరులతో ఆ కునుకు పొసగదు. నెట్‌వర్క్ మేనేజరులో ఆ పొదుపును మాన్పి రెండు దినములు చూడవచ్చును. అప్పటికిని తెగుచున్నచో తెగిన వేళలను కాగితముమీద వ్రాయింపుడు. ఎల్లప్పుడు రాత్రివేళ నైనచో ఇరుగుపొరుగు రౌటరుల రద్దీ కావచ్చును. 1, 6, 11 ఛానెళ్లు ఒకదానిపై నొకటి పడవు గావున వానిలో ఖాళీగ నున్నదాని నెన్నుకొనవలెను. మోటారు వేసిన వేళనే యైనచో మఱల మొదటి మెట్టగు విద్యుత్తునకే రావలెను.

ఈ విచారణలో తప్పక పాటింపవలసిన నియమ మొక్కటే: ఒకమాఱు ఒక్క మార్పే చేయవలెను. ఛార్జరు, ఛానెలు, పాస్‌వర్డు మూడును ఒక్కసారిగ మార్చినచో, బాగుపడినను ఏ మందుచేత బాగుపడినదో తెలియదు. మఱల తెగిన నాడు మొదటికి వత్తుము. చేసిన మార్పును, తేదీని, ఫలితమును ఒక చిన్న పుస్తకమున వ్రాయించి యంత్రముకడనే యుంచుడు. నెట్టు తీగకు రంధ్రము గల నమూనా యైనచో ఆ తీగతోను ఒకమాఱు పరీక్షింపుడు. తీగతో పలికి, గాలిలో పలుకకున్నచో, దారియు పేరును నిర్దోషములని ఒక్క దెబ్బతో తేలును.

ఇంత విచారించినను పలుకని యంత్రము నిజముగ చెడినదే కావచ్చును. అప్పుడు క్రొత్తదానిని కొనుట దుబారా కాదు. అంతవఱకు, “చెడినది” అను మాట వినబడినప్పుడు, “ఏ మెట్టువఱకు వచ్చి నిలిచినది?” అని పిల్లల నడుగుడు. ఆ ప్రశ్నకు బదులు వెదకుటలోనే వారు సగము విద్య నేర్తురు.