బాగన్ దాతోలో మా అమ్మమ్మ

కౌలాలంపూరులో చదువుకుంటున్న రోజుల్లో ఒక సెలవుకు పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వెళ్ళాను. కాశీబుగ్గలో రైలెక్కేటప్పుడు తాతగారు, "మా చిన్నాన్న కూతురు అక్కడుంది, చూసిరా" అని చిరునామా చేతిలో పెట్టారు. బస్సు దిగితే ఎటు చూసినా కొబ్బరితోటలే! దారితప్పి బారువ చేరానా అనుకున్నాను.

మలయాకు కూలీల వలసను 1938లో ప్రభుత్వం ఆపేసింది. అంతకుముందే కంగాణీ వెంట ఓడెక్కాడు మా చినముత్తాత. ఉద్దానంలో కొబ్బరి దింపిన చేతులకు అక్కడా కొబ్బరే దొరికింది.

అమ్మమ్మ (వరసకు అమ్మమ్మే లెండి) అక్కడే పుట్టింది. ఉద్దానం కంట చూడలేదు. అయినా గుమ్మంలోనే, "ఏటి నాయనా, ఇంత ఆలీసమైపోనాది?" అంది. మా ఊరి పిల్లలే మరిచిపోతున్న యాస! ఆమె మనుమలు మాత్రం నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు.

అన్నం వడ్డిస్తూ అడిగింది: "నూతిగట్టున మన చెట్లున్నాయని అయ్య చెప్పీవోడు. ఉన్నాయేటి?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, అవన్నీ కూలిపోయాయి. చెప్పనా, మాననా? చెప్పేశాను.

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత పెరట్లోంచి మొలకెత్తిన కాయ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విమానంలో మొక్కలు రానివ్వరని ఆవిడతో ఎలా అనను?